రజియా ఆపా గదిలోని యంత్రాలు

ఎండాకాలం సెలవులు అయ్యాక బడి తెరిచిన మొదటి రోజు, కంప్యూటర్ గదిలో స్విచ్చులన్నీ వరసగా వేస్తాను. సెలవుల్లో లోపల పేరుకున్న దుమ్ము మెల్లగా వేడెక్కి కాలీకాలని వాసన వస్తుంది. పిల్లలు ముక్కులు మూసుకుంటారు. నేను కిటికీలు తెరవడం మరిచిపోయి అలాగే నిలబడిపోతాను. నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో, ఒక మేడ మీది గదిలో ఏడాది పొడుగునా ఈ వాసనే ఉండేది. ఆ గది రజియా ఆపాది, ఆపా అంటే అక్క. ఈ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే నన్ను ఒక పని మనిషిగా, అంటే పని తెలిసిన మనిషిగా, తయారుచేసింది ఆమె. ఆమె పోయి కొన్నేళ్లయింది.

ఆపా హైదరాబాదులో ఇంజనీరింగ్ చదివి అక్కడే ఒక కంపెనీలో పనిచేసింది. చిన్న వయసులోనే మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైతే ఉద్యోగం వదిలి ఖేడ్‌కు తిరిగొచ్చింది. కింద తల్లి, ఎరువుల దుకాణం నడిపే తమ్ముడు ఫారూఖ్, అతని కుటుంబం. పైన ఆపా, ఆమె యంత్రాలు. బతకడానికి ఇంటి నుంచే ఏవో చిన్న పనులు చేసేది. మిగిలిన పొద్దంతా ఒక ఆపరేటింగ్ సిస్టం మీద పెట్టేది. కంప్యూటర్‌లో మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూలం ఆపరేటింగ్ సిస్టం. ఆపా పట్టించుకున్నది ఏ ఒక్కరి సొంతమూ కానిది. దాని కోడ్‌ను ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు, ఊరికే వాడుకోవచ్చు. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు దేశదేశాల్లో కూర్చుని దాన్ని బాగుచేస్తూ ఉంటారు.

అందులో ఒక చిక్కు ఉంది. కంప్యూటర్లు పైకి ఒక్క తీరుగా కనిపించినా లోపలి ప్రాసెసర్లు రకరకాలు. ఒకదానికి అర్థమయ్యే ఆదేశం ఇంకోదానికి అర్థం కాదు. అందుకే అదే సిస్టంను ఒక్కో రకానికి విడిగా తయారుచేయాలి. నడుస్తోందో లేదో చూడాలి, నడవకపోతే ఎక్కడ ఆగిందో వెతికి సరిచేయాలి. అందరూ వాడే రకాలకు ఆ పనిచేసే వాళ్లు చాలామంది దొరుకుతారు. తయారుచేసిన కంపెనీలే వదిలేసిన పాత రకాలకు దొరకరు. అలాంటి ఒక పాత రకం మొత్తాన్ని ఆపా చూసుకునేది. హైదరాబాదులో ఎవరో పాత సామాను కింద అమ్మేస్తుంటే తెచ్చుకున్న బూడిద రంగు పెట్టె ఒకటి ఆ గది మూలన ఉండేది. పరీక్షలన్నీ దాని మీదే.

నేను ఆమె దగ్గరికి వెళ్లింది బడి కోసం. మా బడికి ఎవరో పాత కంప్యూటర్లు దానం చేశారు. వాటిలో కొత్త సిస్టం ఎక్కించబోతే ఒక్కటీ మొదలు కాలేదు. బస్టాండు దగ్గర మొబైల్ దుకాణం అతను ఆపా ఇల్లు చూపించాడు. మెట్లెక్కి వెళ్లేసరికి సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక మనిషి తెర ముందు కూర్చుని ఉంది. తల తిప్పకుండానే అడిగింది.

"ఏమైంది?"

"నడుస్తలేదు ఆపా."

"నడుస్తలేదంటే నాకేం తెలుస్తది? తెర మీద ఏమొచ్చింది?"

"ఏదో ఇంగ్లీషుల శానా వచ్చింది. నేను బంద్ చేసిన."

అప్పుడు నా వైపు తిరిగింది. "అది నీతోని మాట్లాడింది. నువ్వు మధ్యలనే నోరు మూసినవ్. పో, మల్ల షురూ చెయ్యి. వచ్చింది వచ్చినట్టు రాసుకొని రా."

నాకు మనసు చివుక్కుమంది. అయినా మర్నాడు రాసుకుని వెళ్లాను. ఆపా ఆ కాగితం రెండుసార్లు చదివి, మా కంప్యూటర్లలోని ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం ఒకటి కొత్త సిస్టంలో ఉందని చెప్పింది. ఆ ఆదేశం లేకుండా తయారుచేసింది ఒకటి తన దగ్గరే ఉంటే దాన్ని ఎక్కించి ఇచ్చింది. బడిలో కంప్యూటర్లు మొదలయ్యాయి. ఆ సంగతి చెప్పడానికి పరిగెత్తుకుంటూ వెళ్తే ఆమె ఒకటే మాట అన్నది. "ఇవి ముసలివయినయి, పనికిరావని పిల్లల ముందట అనకు. వీటి మాట వేరు, అంతే."

అట్లా మొదలైంది. బడి వదిలాక, మా ఊరు మనూర్ వెళ్లే ఆఖరి బస్సు వచ్చేదాకా ఆపా గదిలో ఉండేదాన్ని. పక్కన కుర్చీ వేసి పని చూపించేది, తర్వాత నన్నే చేయమనేది. పొగడటం ఆమెకు చేతకాదు. తప్పు చేస్తే మాత్రం ఎందుకు తప్పో విసుగు లేకుండా చెప్పేది. బూడిద రంగు పెట్టె సంఖ్యలను మిగతా యంత్రాలకు ఎదురు దిశలో దాచుకుంటుందన్న సంగతి నాకు ఎంతకీ తలకెక్కలేదు. ఒకరోజు కాగితం తీసుకుని నా పేరు తెలుగులో ఎడమ నుంచి రాసింది. దాని కింద ఉర్దూలో కుడి నుంచి రాసింది.

"రెండూ సునీతనే కదా?"

"అవును."

"ఏ దిక్కు నుంచి చదవాల్నో ఎరుక లేనోని చేతికి ఇస్తే?"

"ఇంకేదో చదువుతడు."

"గంతే. మన పని ఆ దిక్కు చెప్పుడే."

ఇంకో సంఘటన నేను ఎక్కువగా తలుచుకుంటాను. ఎక్కడో దూర దేశంలో ఒకాయన రాసిన చిన్న ప్రోగ్రాం అన్ని యంత్రాల మీదా బాగానే నడుస్తోంది, ఆపా పెట్టె మీద మాత్రం సగంలో కూలిపోతోంది. ఆయనకు రాస్తే, ఆ పాత పెట్టెను పారేయండి అని జవాబిచ్చాడు. చదివి నాకు ఒళ్లు మండింది. ఆపా మాత్రం చున్నీ సర్దుకుని ఆ కోడ్ ముందు కూర్చుంది. ఆ సాయంత్రమే కాదు, ఆ వారమంతా కూర్చుంది. చివరికి దొరికింది. ఆయన ప్రోగ్రాం కొన్ని సంఖ్యలను కంప్యూటర్ మెమరీలో ఉండాల్సిన చోట కాకుండా ఎక్కడ పడితే అక్కడ పెడుతోంది. చాలా ప్రాసెసర్లు ఆ తప్పును చప్పుడు లేకుండా సర్దుకుంటాయి. ఆపా దగ్గరిది సర్దుకోదు, ఆగిపోతుంది.

"మిగతావి మాఫ్ చేస్తున్నయి, ఇది చేస్తలేదు. తప్పయితే అన్నింట్ల ఉంది," అన్నది ఆపా. దిద్దిన కోడ్‌ను మర్యాదగా ఆయనకు పంపింది. ఆయన అన్న మాటను అందులో ఎక్కడా ఎత్తలేదు. కొన్నాళ్లకు ఆయన దాన్ని తీసుకున్నాడు, కృతజ్ఞతలు కూడా రాశాడు. "చూసినవా" అన్నట్టు నేను ఆమె వైపు చూస్తే, ఆమె అప్పటికే ఇంకో పనిలో ఉంది.

తర్వాత ఆమె ఆరోగ్యం దిగజారింది. డయాలసిస్ కోసం వారానికి రెండు మూడుసార్లు సంగారెడ్డి దవాఖానకు పోవాల్సి వచ్చింది. ఫారూఖ్ పొద్దున్నే బండిలో తీసుకెళ్లి, పొద్దు గూకే వేళకు తెచ్చేవాడు. వచ్చిన రోజు మెట్లెక్కలేక కిందే పడుకునేది. అదే కాలంలో బూడిద రంగు పెట్టె కూడా ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. దాని భాగాలు ఇక ఎక్కడా దొరకవు. అంత తక్కువ మంది వాడే రకాన్ని ఇంకా మోయాలా వద్దా అని సిస్టం చూసే వాళ్లలో చర్చ నడుస్తోంది. ఆపా తన రకం కోసం గట్టిగా వాదిస్తుందని నేను అనుకున్నాను. దాన్ని మూసేద్దామని ప్రతిపాదన పెట్టింది ఆమే.

తెలిసిన రోజు గబగబా మెట్లెక్కి వెళ్లాను.

"మూసుడెందుకు ఆపా? నేను చూసుకుంట."

"ఎందుకు చూసుకుంటవ్?"

"ఇన్నేండ్ల నుంచి చేసినవ్. గిట్ల పోవాల్నా నీ పని?"

ఆమె చేతి మీద సూదులు గుచ్చిన చోట్లు నల్లగా ఉబ్బి ఉన్నాయి. "చూడు, నువ్వు నా కోసం అంటున్నవ్. వాడెటోళ్ల కోసం అంటలేవ్," అన్నది. "ఉన్నది ఒక్క మిషిను. అదిగూడ ఇయ్యాలనో రేపో అన్నట్టుంది. అది పోతే దేని మీద పరీక్ష చేస్తవ్? పరీక్ష చెయ్యకుండ నడుస్తదని పెడితే, మనల నమ్మినోళ్లు ఆగమైతరు. నడవదని ముందే చెప్తే ఇంకో తొవ్వ చూసుకుంటరు."

"నీకు బాధ లేదా?"

"ఉంది. బాధ ఉందని అబద్ధం చెప్పాల్నా?"

నేను పోయొస్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగి వచ్చేశాను. మనూర్ దాకా బస్సు కిటికీ లోంచి కోసేసిన కంది చేలు చూస్తూ కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజమేనని తెలుసు. అందుకే కోపం దిగలేదు.

ఆ రకాన్ని మూసేస్తున్నామన్న ప్రకటన వెలువడ్డాక దాన్ని ఇంకా వాడుతున్న వాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చారు. ఒక మంచు దేశంలో బడి పిల్లలతో వాన, గాలి లెక్కలు తీయించే మాస్టారు ఒకరు. చిన్న ఊరి గ్రంథాలయాన్ని చూసుకునే ముసలాయన ఇంకొకరు. వాళ్ల సమాచారం పోకుండా వేరే యంత్రాల మీదికి మారడానికి ఆపా ఒక్కొక్కరికీ సాయం చేసింది. ఆదివారాలు నేను కూడా సంగారెడ్డి వెళ్లేదాన్ని. ఆమె ఒక చేయి గొట్టాలకు అప్పగించి మంచం మీద ఒరిగి చెప్తుంటే, నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని టైపు చేసేదాన్ని. ఒకసారి మొదటి వాక్యంలోనే క్షమించమని రాశాను.

"ముందుగాల సారీ పెట్టకు," అన్నది. "ఆయన పరేషాన్‌ల ఉన్నడు. ఏం చెయ్యాల్నో ముందుగాల చెప్పు. సారీ ఆఖర్ల పెట్టు."

ఆ రోజుల్లోనే అరచేతిలో ఇమిడే ఒక కంప్యూటర్ బోర్డును నా చేతిలో పెట్టింది. అందులో ఉన్నది కొత్త రకం ప్రాసెసర్, అప్పుడప్పుడే జనంలోకి వస్తోంది. ఆ రకం పని కూడా కొంత ఆపా చేస్తుండేది. "ఇది ఇంకా శానా ఏండ్లు బతుకుతది. దీన్ని నువ్వు చూసుకో," అన్నది. ఆమె ముఖం తిప్పుకుని నర్సును మంచినీళ్లు అడిగింది.

చలికాలంలో ఒక పొద్దున, నేను తరగతిలో ఉండగా ఫారూఖ్ ఫోన్ చేశాడు. "ఆపా పోయింది," అన్నాడు, అంతే. వెళ్లేసరికి ఇల్లంతా జనం. నేను లోపలి గదిలో ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. మగవాళ్లు ఆమెను మోసుకుని వెళ్తుంటే ఆమె తల్లి గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తల్లిని నేను ఖాలా అని, అంటే పిన్నమ్మ అని, పిలుస్తాను. వెనక్కి వచ్చి ఖాలా నా పక్కనే కూలబడింది.

కొన్ని రోజుల తర్వాత ఫారూఖ్ మళ్లీ పిలిచాడు. "పైన మిషిన్లు నడుస్తనే ఉన్నయి. బంద్ చేయాల్నా వద్దా మాకు ఎరుకలేదు. నువ్వే చూడు," అన్నాడు. ఒక్కదాన్నే పైకి వెళ్లాను. బూడిద రంగు పెట్టె కూడా నడుస్తోంది. దాని రకాన్ని మూసేసిన తర్వాత కూడా ఆపా దాన్ని ఆపలేదన్నమాట. తెర మీద ఏ పనీ లేదు, ఆదేశం కోసం ఎదురుచూసే గీత ఒకటి ఆగి ఆగి మెరుస్తోంది. నేను కూర్చుని, ఆమె నేర్పిన పద్ధతిలోనే ఒక్కోదాన్నీ ఆపాను. బూడిద రంగు పెట్టెను ఆఖరికి ఆపాను. లోపలి ఫ్యాను మెల్లమెల్లగా తిరిగి నిలిచిపోయాక, బస్టాండులో ఆటో వాళ్లు సవారీలను పిలిచే కేకలు గదిలోకి వినబడ్డాయి. ఇన్నేళ్లలో ఆ గదిలో నేను బయటి చప్పుడు వినడం అదే మొదటిసారి. అప్పుడు ఏడ్చాను.

సిస్టం చూసే వాళ్లందరికీ ఆపా పోయిన కబురు నేనే రాశాను. జవాబులు వస్తూనే ఉన్నాయి. ఆమె ఆడమనిషని చాలామందికి తెలియదు, ఖేడ్ ఎక్కడుందో అసలే తెలియదు. ఖాలా చదివి వినిపించమంటే కింద కూర్చుని ఒక్కోటీ తెలుగులో చెప్పాను. ఒక జవాబులో, "మీ బృందంలో మిగతా వాళ్లకు మా సానుభూతి తెలపండి" అని ఉంది. ఖాలాకు అర్థం కాలేదు.

"మిగతా వాళ్లంటే ఎవరు? నా బిడ్డ ఒక్కతే కదా పైన ఉండేది?"

ఆపా బయటివాళ్లకు ఏం రాసినా "మేము" అనే రాసేదని చెప్పాను. మేము చూశాం, మేము సరిచేశాం, మాకు కొంచెం సమయం ఇవ్వండి అని. చదివిన వాళ్లు ఇక్కడ పదిమంది కూర్చుని పనిచేస్తున్నారని అనుకున్నారు.

"ఆ మేమంటే ఎవరు బిడ్డా?" అన్నది ఖాలా మళ్లీ.

"నేనుండేదాన్ని ఖాలా," అన్నాను.

ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది. "నువ్వు నేర్చుకోను వస్తవనుకున్న. పైన ఒక్కతే ఉంటదని రోజు బుగులుపడేదాన్ని," అన్నది.

నేను చెప్పింది సగమే నిజం. నేను ఆ మెట్లు ఎక్కకముందు ఎన్నో ఏళ్ల పాటు ఆ "మేము"లో ఆపా ఒక్కతే ఉంది. సాయం కావాలని ఒక్కసారైనా ఎవరినీ అడగలేదు. ఆమె నేర్పినవన్నీ నేను కాదనకుండా తీసుకున్నాను, ఇది ఒక్కటి తీసుకోలేదు. ఆమె ఇచ్చిన రకాన్ని ఇవాళ్టికీ చూసుకుంటున్నాను. కిందటేడు సిర్గాపూర్ నుంచి మా బడికి వచ్చిన కొత్త టీచరమ్మ కవితను పక్కన కూర్చోబెట్టుకుని, "నాకు చేతగాని రోజు నువ్వు చూడాలె" అని మొదటి రోజే అడిగాను. ఇప్పుడు బయటివాళ్లకు జవాబు రాసేటప్పుడు నేనూ "మేము" అనే రాస్తాను. రాసిన ప్రతిసారీ వేళ్లు ఒక్క క్షణం ఆగుతాయి. ఆ మాట ఆపా ఎంత ఒంటరిగా రాసి ఉంటుందో అనిపిస్తుంది. కవిత పక్కనుంచి, "ఏమైంది అక్కా?" అంటుంది. ఏం లేదని చెప్పి, మిగతా వాక్యం పూర్తిచేస్తాను.