అప్‌డేట్ అవుతుండగా అక్క విన్న మాట

దయ్యాలనూ మహిమలనూ నేను నమ్మను. పత్రికలో పనిచేసిన కాలంలో చేవెళ్ల వైపు నుంచి అలాంటి వార్తలు చాలా వచ్చేవి. వెళ్లి చూస్తే ప్రతిదానికీ ఏదో ఒక కారణం దొరికేది. దీనికి మాత్రం దొరకలేదు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మా అక్కది మొయినాబాద్ దగ్గర కనకమామిడి. ఆమెకు రెండు చెవులూ దాదాపు వినబడవు. పక్కన నిలబడి అరిచినా పెదవులు చూసే అర్థం చేసుకోవాలి. ఫోన్ యాప్‌తో నడిచే చెవి మిషన్లు కొన్నాం. ఆ యాప్ నెల తిరక్కుండానే అప్‌డేట్ అడుగుతుంది. చెయ్యకపోతే తెరుచుకోదు. చేస్తే, అక్కకు సరిపోయేలా పెట్టించుకున్న శబ్దమంతా మారిపోతుంది. గిన్నెల చప్పుడు పిడుగులా, మనుషుల మాట గుసగుసలా వినబడుతుంది. మళ్లీ సిటీకి వెళ్లి సరిచేయించుకోవాలి.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేశాక, యాప్ మళ్లీ అప్‌డేట్ అడిగింది.

“మంచిగనే ఇనబడుతుంటె ఇంకేం బాగు చేస్తరు తమ్మీ వీళ్లు?” అని అక్క విసుక్కుంది.

“మిషన్‌కెందుకు బామ్మర్దీ, మీ అక్కకే చెయ్ అప్‌డేట్. జర నా మాట ఇంటది,” అని నవ్వుతూ బావ మొక్కలకు నీళ్లు పెట్టడానికి పెరట్లోకి వెళ్లాడు. అక్కడి బోరు మోటరుకు కరెంటు ఇంటి మీటరు నుంచే వెళ్తుంది.

అక్క మిషన్లు తీసి ఇచ్చింది. ఫోన్ పక్కన పెట్టి అప్‌డేట్ నొక్కాను. అది పూర్తయ్యేదాకా అవి పనిచేయవు. అక్క నా ఎదురుగా, పెరటి వైపు వీపు పెట్టి కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మధ్యలో గోడ ఉంది.

అప్‌డేట్ సగం దాకా వచ్చింది. అక్క తలెత్తి, “ఆఁ, చేస్తున్న,” అంది. ఎవరితో అంటోందో నాకు అర్థం కాలేదు. గిన్నె పక్కన పెట్టి లేచి, గోడకున్న మెయిన్ స్విచ్ దించేసింది.

ఫ్యాన్ ఆగింది. అప్పుడు పెరట్లో ఏదో పడిన చప్పుడు వినిపించింది.

పరుగెత్తాను. బావ మోటరు స్టార్టర్ పక్కన పడి ఉన్నాడు. అరచెయ్యి కాలి నల్లబడింది. కారులో చేవెళ్ల దవాఖానకు తీసుకెళ్లాం. కరెంటు ఇంకాస్త సేపు ఆగకపోతే బతికేవాడు కాదని డాక్టరు చెప్పాడు.

ఆ తర్వాత అక్కకు సిటీలో మళ్లీ పరీక్ష చేయించాను. వినికిడి ఎప్పటిలాగే ఉంది. షాక్ కొట్టినప్పుడు కరెంటు తగ్గి ఫ్యాన్ నెమ్మదించడం చూసి కనిపెట్టిందేమో అనుకున్నాను. అది నెమ్మదించలేదు, దాని కిందే కూర్చున్నాను.

చూడ్డానికి వచ్చిన పాస్టరు, “దేవుడే పిలిచిండమ్మా నిన్ను,” అన్నాడు.

అక్క ఒప్పుకోలేదు. మంచం మీదున్న బావను చూపించింది. “దేవుని గొంతు ఎట్లుంటదో నాకు తెల్వది అయ్యగారూ. గది ఈయన గొంతే. ‘మెయిన్ బంద్ చెయ్’ అన్నడు.”

బావ ఒంటరిగా ఉన్నప్పుడు, ఆ మాట అన్నావా అని అడిగాను.

“గదే అందామనుకున్న బామ్మర్దీ. పండ్లు కరుచుకపోయినయ్. నోరే తెరువరాలే.”

ఆ ఆదివారం అక్క కూర్చున్న గదిలో చెవులు బాగున్నవాణ్ని నేనొక్కణ్నే. నాకేమీ వినబడలేదు.