బక్కెట్లో మట్టగిడస

మా కంచరపాలెం అపార్టుమెంటుకి ప్రెసిడెంటునయ్యాక నేను చేసిన ఘనకార్యం, రోజుకి రెండు టేంకర్ల నీళ్లు తెప్పించడం. ఆ తర్వాత మావాళ్లు చేసిన స్నానాల నీళ్లు ఒకచోట పట్టి ఉంచితే పోర్టులో రెండు ఓడలు తేలేవి. నా ఒక్కడికే ఆరు బక్కెట్లు. ఏడోది పాట పూర్తవడానికి.

ఆ ఆదివారం, టేంకరు గొట్టం దగ్గరే పట్టి తెచ్చిన ఏడో బక్కెట్లో చెంబు ముంచితే ఏదో నా వేలు కొరికింది. మొసలే అనుకున్నాను. తువ్వాలుతో బయటికొచ్చి నేను పెట్టిన కేక సింహాచలం కొండకి తగిలి తిరిగొచ్చింది. తీరా చూస్తే బెత్తెడు మట్టగిడస చేప!

హాల్లో మా ఆవిడ అన్నయ్య ఉన్నాడు. పద్మనాభం అనే ఊరికి అవతల, వాళ్ల పల్లె చెరువులో వలేసుకుని బతికే మనిషి. ప్రతి ఆదివారం చేపల సంచితో వచ్చేవాడు, ఆరోజు ఉత్తి చేతుల్తో వచ్చాడు. బక్కెట్లోకి తొంగిచూసి, "ఇది మా సెరువుదే బావా" అన్నాడు.

"దాని మొహమ్మీద రాసుందేటి?"

"నెల్లాళ్లుగా గట్టుమీద మోటార్లెట్టి టేంకర్లకి తోడేత్తన్నారు. ఇది అడుగు బురదలో ఉండే సేప. ఇదే గొట్టంలోకొచ్చేసిందంటే ఇంకేటి మిగిలినట్టు? వానలదాకా నాలుగు పిల్లసేపలు బతక్కపోతే, వచ్చే ఏడు నాను వలెక్కడెయ్యాల?"

టేంకరు డ్రైవరుకి ఫోన్ చేశాను. "ఆ సెరువే సార్. నీళ్లు కొబ్బరిబొండంలా లేవూ?" అని మెచ్చుకోలు కోసం ఆగాడు.

మా ఆవిడ చూసిన చూపుకి స్టీలుప్లాంటు కొలిమి చల్లారిపోవాలి. "మా అన్నయ్య సెరువు నెత్తిన పోసుకుని పాటలు పాడతన్నారా?"

సాయంత్రం మీటింగు పెట్టి, టేంకర్లు మానేద్దామన్నాను. పై అంతస్తువాళ్లు నన్నే మేడమీంచి తోసేద్దామన్నారు. బక్కెట్టు తెచ్చి మధ్యలో పెట్టాను. కింద ఫ్లాటు మామ్మగారు దానికి రెండు మరమరాలు వేసి "పాపం, దాని ఇల్లు తాగేశాం కదర్రా" అనేసరికి నన్ను తోసేద్దామన్నవాళ్లే ముందు సరేనన్నారు. కారే కుళాయిలు బాగుచేయించి, కార్పొరేషను నీళ్లతోనే సరిపెట్టుకున్నాం. నాకిప్పుడు ఒక్క బక్కెట్టు. పాట పల్లవి దాటదు. ఇరుగుపొరుగుకి అందుకూ సంతోషమే.

ఊరివాళ్లు అడ్డంపడి గట్టుమీది మోటార్లు ఎత్తించిన మర్నాడు, మట్టగిడసని పాలకేనులో పెట్టుకుని బస్సెక్కాను. దానికీ సీటు కావాలని కండక్టరుతో పోట్లాడాను కూడా.

చెరువులో మోకాల్లోతు నీళ్లున్నాయి. మా ఆవిడ అన్నయ్య దాన్ని వదిలి, చేతులు కడుక్కున్నాడు.

"పెద్దదవనీ బావా. పులుసుకి నానే తెత్తాను."

"సంచిలోనే తే," అన్నాను. "గొట్టంలో పంపకు."