పోతు కంపు, చౌడు నీళ్లు

మా ఆయన మేకపోతును పెంచేవాడు. ఇలా ఒక్క ముక్కలో రాస్తే నా మనవరాళ్లకు అందులో ఏముందో అర్థం కాదు. వాళ్లు మేకను చూసి ఉంటారు గానీ పోతు పక్కన గాలివాటున నిలబడి ఉండరు. పోతు కంటే ముందు దాని వాసన వస్తుంది. పోతును తోలుకెళ్లాక కూడా ఆ వాసన మనతోనే ఉంటుంది.

మాది వేంపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. ఉన్నది కాస్త మెట్ట పొలం. వాన పడితే కొర్రలు పండేవి, పడకపోతే దుమ్ము లేచేది. అందుకని మా మామ కాలం నుంచీ ఇంట్లో ఒక పోతు ఉండేది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ ఆడమేకలను తోలుకొచ్చి, చూలు కోసం మా పోతుతో దాటించుకుని, వెళ్లేటప్పుడు జొన్నలో కొర్రలో కొలిచి పోసేవాళ్లు. కరువొచ్చిన ఏడు ఆ గింజలే మమ్మల్ని బతికించాయి. కాబట్టి పోతును తిట్టడానికి నాకు నోరుండకూడదు. అయినా తిట్టేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్త అనేది. ఆ ఇంట్లో ముక్కున్న మనిషికి కోపం ఇంకెక్కడుంటుంది?

నేను కడపలో బోర్డింగు బడిలో చదువుకున్నాను. రోజూ పొద్దున వరసలో నిలబడి గోళ్లు, పైటకొంగు, పావడా అంచు చూపించి లోపలికి వెళ్లిన పిల్లను. అట్లాంటి నేను పెళ్లయి వచ్చిన వారంలోనే నా ట్రంకుపెట్టె మొత్తం పోతు కంపు కొట్టింది. ఆయన ప్రేమగా తన చొక్కాను నా చీరల మీద మడిచి పెట్టాడు, అంతే. పెట్టె తెరిచి నేను మూతి ముడుచుకుంటే, "ఏం కంపు మే? నాకేం రాలేదే" అన్నాడు. నిజంగానే ఆయనకు వచ్చేది కాదు. పుట్టినప్పటి నుంచీ ఆ గాలే పీల్చినవాడు మరి.

ఆయన మంచి మనిషి. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. పోతు కొమ్ముల మధ్య గోకుతూ దానికి ఊరి సంగతులన్నీ చెప్పేవాడు, నాకు మాత్రం చెప్పేవాడు కాదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తక్కువ మాటలే ఎక్కువ గుర్తొస్తాయి.

మా వాడలో క్రైస్తవుల ప్రార్థన మందిరం నాపరాళ్లతో కట్టింది. కిటికీలు చిన్నవి. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్లం. ఆయన వచ్చి కూర్చుంటే చుట్టూ ఉన్నవాళ్లు కొంచెం కొంచెం జరిగేవాళ్లు. ఎవరూ నోరు తెరిచి ఏమీ అనలేదు. అంటే నేను బదులు చెప్పేదాన్నే. ఆయన అది గమనించాడు. మొదట గోడ దగ్గరికి, తర్వాత తలుపు దగ్గరికి జరిగి, చివరికి బయట మెట్టు మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఆదివారం ఆదివారం నేను లోపల నీడలో, ఆయన బయట ఎండలో. నాకది అవమానంగా ఉండేది. అవమానం కంటే ఎక్కువగా బాధగా ఉండేది.

అప్పుడు మాకు కొడుకు పుట్టాడు. అంతకు ముందు ఒకసారి కడుపు నిలవలేదు, అందుకని వాడంటే ఇంటిల్లిపాదికీ ప్రాణం. సాయంత్రం మేకలు ఇల్లు చేరగానే ఆయన నులక మంచం మీద వెల్లకిలా పడుకునేవాడు, పిల్లవాణ్ణి రొమ్ము మీద వేసుకునేవాడు. వాడు అక్కడే నిద్రపోయేవాడు. నా ఒళ్లో గంటసేపు గింజుకున్నవాడు అక్కడ పడగానే కళ్లు మూసేవాడు. "పిల్లోనికి కూడా అంటిస్తాండావు" అని గొణిగేదాన్ని. ఆయన నవ్వేవాడు.

బాప్తిస్మం రోజు దగ్గర పడింది. మా సంఘంలో తండ్రే బిడ్డను ఎత్తుకుని పాస్టరు అయ్యగారి ముందు నిలబడి, పేరు పైకి చెప్పాలి. ఒక మధ్యాహ్నం సంఘ పెద్ద మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వాన సంగతి, శెనక్కాయల ధర సంగతి అన్నీ అయ్యాక అసలు మాట కదిలించాడు.

"ఏమప్పా, ఆ పొద్దు అయ్యగారు కడప నుంచి వస్తాండారు. కొత్త మనిషి. బిడ్డను మీ బామ్మర్ది ఎత్తుకోని నిలబడితే బాగుంటాదేమో, ఒకసారి ఆలోచన చెయ్యి."

మా ఆయన తలగుడ్డ విప్పి భుజాన వేసుకున్నాడు. "సర్లేప్పా. నేను మెట్టు మీద ఉండి ఇంటాలే" అన్నాడు.

ఆయన కోపం తెచ్చుకుని ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. ఆ 'మెట్టు మీద ఉండి ఇంటాలే' అన్నమాట నా గుండెలో ముల్లులా దిగింది. వాకిట్లోకి వచ్చి, "బిడ్డను వాళ్ల నాయనే ఎత్తుకుంటాడు పెద్దనాయనా. కంపు సంగతి నేను సూసుకుంటా" అన్నాను. చెప్పడమైతే చెప్పేశాను.

మా వాడకు చాకలి వచ్చేవాడు కాదు. మా బట్టలు మేమే ఉతుక్కోవాలి, అది అప్పటి రివాజు. శెట్టి అంగడిలో బట్టల సబ్బు దొరికేది. ఒక బిళ్ల తెచ్చి, ఆయన మల్లు చొక్కా, పంచె రుద్ది రుద్ది ఉతికాను. సబ్బు వాసన, పోతు వాసన కలిసి అంతకు ముందు లోకంలో లేని మూడో వాసన ఒకటి పుట్టింది.

తర్వాత కుంకుడుకాయలు. రాత్రంతా నానబెట్టి పిసికి, ఆ నురగలో బట్టలు ముంచి తంగేడు చెట్ల మీద ఆరేశాను. ఆరాక ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండ వాసన తప్ప ఏమీ లేదు. గెలిచాననుకున్నాను. ఆయన ఆ చొక్కా తొడుక్కుని ఎండలో అంగడి దాకా నడిచి వచ్చేసరికి వీపంతా చెమట, చెమటతో పాటు పోతు. మా అత్త పడీ పడీ నవ్వింది. "అది యాడికీ పోలేదు అమ్మీ, నిద్రపోయిండాది. తడి తగిల్తే లేస్తాది" అంది.

ఎదురింటి సాయిబుల అవ్వకు నా మీద జాలి కలిగింది. "లోబాన్ పొగ పట్టించు బేటీ. మా ఇండ్లలో పెండ్లి బట్టలకు అట్లనే చేస్తాం" అని చిన్న పొట్లం ఇచ్చింది. నిప్పుల మీద ఆ సాంబ్రాణి చల్లి, గంప బోర్లించి, దాని మీద చొక్కా పరిచాను. ఎంత బాగుండిందో ఆ వాసన! ఆదివారం ఆ చొక్కాతో ఆయన మందిరం గడప దాటాడో లేదో, తలలన్నీ వెనక్కి తిరిగాయి. సంఘ పెద్ద లేచి దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, యాడ్నుంచి వస్తాండావు? దర్గా కాడ్నుంచా, గుడి కాడ్నుంచా?"

సాయంత్రానికల్లా మేము బిడ్డకు ఎక్కడో మొక్కు తీర్చుకుని వచ్చామని వాడంతా పాకింది. మా అత్త ఇల్లిల్లూ తిరిగి, మేము ఎక్కడికీ పోలేదని ఒట్లు పెట్టుకుని వచ్చింది. పోతు కంపుతో పోయింది పరువొక్కటే, ఈ పొగతో విశ్వాసమే పోయేటట్టుంది. మిగిలిన లోబాన్ అవ్వకు తిరిగి ఇచ్చేశాను.

ఇక మా అత్తే రంగంలోకి దిగింది. "పోతు కంపు జిడ్డు కంపు అమ్మీ. నూనె జిడ్డు దేనికి పోతాదో దీనికీ అదే మందు. చౌడు ల్యాకుంటే కాదు" అంది. ఏటి అవతల చౌటి నేల ఉండేది. తెల్లారగానే వెళితే నేల మీద సన్నటి తెల్లటి పొర తేలి ఉండేది. గాలి లేవకముందే దాన్ని చిప్పతో గీకి గంపకు ఎత్తుకునేవాళ్లం. ఇంటికొచ్చి కుండలో కలిపి, మన్ను అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు వడకట్టి, పత్తి కట్టె బూడిద నీళ్లు కొంచెం చేర్చి, అందులో బట్టలు నానేసేవాళ్లం. మర్నాడు పెద్ద కుండలో వేసి ఉడకబెట్టేవాళ్లం. మొదటిసారి ఉడికేటప్పుడు లేచిన కంపుకు సాయిబుల అవ్వ గోడ మీదుగా తొంగి చూసి, పోతును కోశారా అని అడిగింది.

ఉడికిన బట్టలు ఏటికి మోసుకెళ్లేవాళ్లం. ఎండాకాలం మా పాపాఘ్ని ఏటిలో నీళ్లు పైకి కనిపించవు. ఇసుకలో చెలమ తవ్వితే చల్లగా ఊరతాయి. బండ మీద బాది, చెలమ నీళ్లలో జాడించి, ఆఖరున నిమ్మకాయ పిండిన నీళ్లలో ముంచి, ఏటి ఒడ్డున తంగేడు పొదల మీద పరిచేవాళ్లం. కడప ఎండ సంగతి చెప్పేదేముంది, ఇటు పరిచి అటు తిరిగేలోగా బట్ట అప్పడంలా ఎండేది. ఎండాక మా అత్త చొక్కా చంక కొద్దిగా తడిపి వాసన చూసేది, తల అడ్డంగా ఊపేది. మళ్లీ చౌడు, మళ్లీ కుండ, మళ్లీ ఏరు. నా అరచేతులు పగిలి మండేవి. సాయంత్రం ఆమె ఆముదం రాసేది. అంతవరకు మేమిద్దరం పొద్దస్తమానం పోట్లాడుకున్నవాళ్లమే. ఆ ఏటి ఇసుకలో కాళ్లు పూడ్చుకుని కూర్చుని, బట్టలు ఎండేదాకా ఆమె తన పెళ్లినాటి కబుర్లు చెబుతుంటే నాకు ఇంటికి రాబుద్ధి అయ్యేది కాదు. ఈ రోజుకీ ఎండలో తడి బట్ట వాసన వస్తే నాకు ఆమే గుర్తొస్తుంది.

ఒక రోజు ఆమె చంక తడిపి వాసన చూసి, మళ్లీ చూసి, "పోయింది అమ్మీ" అంది.

చొక్కా బాగుపడింది, ఇక మనిషి మిగిలాడు. పోతు పని అత్త తీసుకుంది, ఆయన్ను కొట్టం వైపు పోనివ్వలేదు. తలకు కుంకుడు రసం, ఒంటికి వేపాకు కాచిన నీళ్లు, చేతులకు చింతపండు, బూడిద. తోమి తోమి పెట్టాను. ఆయన కళ్లు మూసుకుని, "తోలు ఊడొస్తాది మే" అనడం తప్ప ఎదురు చెప్పలేదు. ఆ రోజుల్లో పిల్లవాడు సాయంత్రాలు గుక్కపట్టి ఏడ్చేవాడు, ఆయన దగ్గర కూడా ఊరుకోలేదు. పళ్లు వస్తున్నాయేమో అనుకున్నాం.

బాప్తిస్మం రోజు ఆయన మల్లెపువ్వులాంటి చొక్కాతో మగవాళ్ల మధ్యన, చాప నట్టనడుమ కూర్చున్నాడు. సంఘ పెద్ద పక్కకు వంగి గాలి పీల్చి, ఇంకోసారి పీల్చి, తృప్తిగా వెనక్కి వాలాడు. నాకు కొమ్ములొచ్చినట్టయింది. అయ్యగారు పిలిచారు. మేము ముందుకు వెళ్లాం. బిడ్డను ఆయన చేతుల్లో పెట్టాను.

వాడు ఆయన మెడ దగ్గర మొహం పెట్టాడు. చటుక్కున వెనక్కి విరుచుకుని, ఎవరో పరాయివాడు ఎత్తుకుపోతున్నట్టు కేకలు పెట్టాడు. ఆయన ఊపాడు, వీపు తట్టాడు, నాలుకతో టకటక చప్పుడు చేశాడు. వాడు చేతులూ కాళ్లూ కొడుతూ ఇంకా ఇంకా వెనక్కి విరుచుకున్నాడు.

ఆయన మొహం వాడిపోయింది. నాకు మాత్రమే వినపడేటట్టు, "నన్ను గుర్తుపట్టలేదు మే" అన్నాడు.

సంఘ పెద్ద లేచి, "బామ్మర్దికి ఇయ్యప్పా" అన్నాడు. మా తమ్ముడు వచ్చి ఎత్తుకుంటే ఏడుపు ఇంకా పెరిగింది. మా ఆయన తలుపు వైపు చూశాడు. ఆ చూపుతో నాకు ఒక్కసారిగా తెలిసింది. ఆ పసివాడికి తండ్రి అంటే మొహం కాదు, గొంతు కాదు. నేను చౌడు పోసి, ఉడకబెట్టి, బండకేసి బాది ఏటిలో కలిపేసింది వాడి తండ్రినే.

"అయ్యగారూ, ఒక పాట పాడిస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని గొంతు తగ్గించి అన్నాను. గంజి పెట్టిన చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మందిరంలోంచి పరిగెత్తాను. వెనకాల పాట అందుకున్నారు. కొట్టంలో గుంజకు ఆయన రోజూ కట్టుకునే తలగుడ్డ వేలాడుతోంది. పని గుడ్డ కదా అని దాన్ని పట్టించుకోలేదు, లేకపోతే అదీ కుండలో పడేదే. లాక్కుని వచ్చినదారినే పరిగెత్తాను.

నేను గడప దాటేసరికి పాట ఆఖరి చరణంలో ఉంది. అది కాస్తా ఆగింది, వాసన అందరినీ చేరింది కాబోలు. అన్ని రోజులు కష్టపడి తెల్లగా చేసిన చొక్కా భుజం మీద ఆ జిడ్డు గుడ్డ నేనే వేశాను. తమ్ముడి చేతుల్లోంచి పిల్లవాణ్ణి తీసి ఆయనకిచ్చాను. వాడు వెక్కాడు. ముక్కు గుడ్డలో దూర్చాడు. పిడికిలితో దాన్ని గట్టిగా పట్టుకుని, పెద్దగా నిట్టూర్చి, బుగ్గ ఆనించి ఊరుకున్నాడు. అయ్యగారు ముక్కుపుటాలు బిగించి, తల మీద నీళ్లు పోశారు. వాడు కళ్లు మిటకరించాడు, అంతే. మా ఆయన బిడ్డ పేరు పైకి చెప్పాడు.

అయిపోయింది. ఆయన పిల్లవాణ్ణి నాకిచ్చి, తలగుడ్డ భుజాన వేసుకుని, అలవాటు చొప్పున తలుపు వైపు నడిచాడు. మందిరంలో ఆడవాళ్లం పైకి మాట్లాడే ఆచారం లేదు.

"యాడికి పోతాండావు? లోపల్నే కూర్చో" అన్నాను.

ఆయన నిలబడిపోయాడు. తర్వాత వచ్చి చాప నడుమ కూర్చున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు జరగబోయి, నా వైపు చూసి, ఉన్నచోటే ఉండిపోయారు.