టీ గ్లాసులో కట్ట నీళ్లు

టేకులపల్లి దాటాక అడవి అంచున ఉంటుంది మా కుంట. మట్టికట్ట పెద్ద ఎత్తేమీ కాదు. కానీ కింది పొలాలన్నీ దాని నీళ్లతోనే పండుతాయి, దాని దయతోనే నిలుస్తాయి.

ఆ ఏడు మొదట్లో వానలు మొహం చాటేశాయి. నా మిరపకు చివరిదాకా తడి అందాలని, కుంట నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు మీద ఇసుక మూటలు పేర్చాను. జానెడు నీళ్లు ఎక్కువ నిలిస్తే ఎవరి సొమ్మేం పోతుందనుకున్నాను. కట్ట కిందే ఇల్లున్న మా తోటికోడలు ఆ మూటలు ఎవరివని అడిగితే నాకేం తెలియదన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె ఒక మాటంటే నేను పదన్నాను. మాటలు మానేశాం.

తర్వాత మూడు రోజులు ముసురు. నాలుగో రోజు పొద్దున, తూము చూసే నీరటి తాత నన్ను కట్ట కిందికి పిలిచాడు. అడుగున వేలు లావున నీళ్లు ఊరుతున్నాయి. టీ గ్లాసు నా చేతికిచ్చాడు.

"పట్టి చూడు బిడ్డా. తేటగుంటే ఉట్టి ఊటే. ఎర్రగొస్తే కట్ట లోపల్నుంచి మట్టి పోతున్నట్టు."

మొదటి గ్లాసు తేటగా ఉంది. రెండోదీ అంతే. మూడో గ్లాసు అడుగున ఎర్రటి మడ్డి పేరింది. తాత ఊట మీద ఇసుక, కంకర పోస్తూ జల్దీ అలుగు తెరవమన్నాడు. మగవాళ్లు కొత్తగూడెం పోయారు, ఫోన్లు కలవడం లేదు. కట్ట కింద తోటికోడలి ఇంట్లోనే కాలు విరిగి మంచం పట్టిన మా అత్త ఉంది.

పరుగెత్తాను. తోటికోడలు గడపలో బియ్యం చెరుగుతోంది.

"అక్కా, కట్ట పోయేటట్టుంది. అత్తను బయటికి తెద్దాం పా."

చేట దించకుండానే అడిగింది. "అలుగు మీద మూటలు ఎవరేసిండ్రు?"

"నేనే."

ఆమె తిట్టలేదు. దానికే ఇంకా భయమేసింది.

ఇద్దరం మంచంతో సహా అత్తను మెరక మీదికి మోశాం. తర్వాత మూటలు లాగాం. నీళ్లు మోకాళ్లను నెడుతూ నా మిరప చేను మీదుగానే పోయాయి. చేను వైపు చూడలేదు. ఎక్కడ కట్ట జారుతుందోనని కళ్లన్నీ అటే.

సాయంత్రానికి కుంట దిగింది. ఊట కూడా సన్నబడింది. తోటికోడలు గ్లాసు నిండా పట్టి, తాను చూడకుండా నాకిచ్చింది.

"నువ్వే చూసి చెప్పు. ఈసారన్న నిజం చెప్పు."

వెలుతురుకు పెట్టి నాలుగుసార్లు చూశాకే, తేటగుందని చెప్పాను.