బతుకు అనే మాట, ఒక ఇత్తడి బిల్ల

మా అక్క మొగుడు కరీంనగర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. చచ్చిపోయిన భాషలంటే ఆయనకు పిచ్చి. అరవైల్లో ఒక దసరా సెలవులకు బెల్లంపల్లిలో నా క్వార్టర్‌కు వచ్చి, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ముందేసుకొని నా బుర్ర తిన్నాడు. మూడు వేల ఏళ్ల కిందట, ఇప్పటి టర్కీ దేశంలో లూవియన్లని ఉండేవారట. మట్టి పలకల మీద రాసుకునేవారట. వాళ్ల మాటల్లో 'హుయిత్వలాహిత్' ఒకటి. బతుకు అని అర్థం. మంచికి తనం తగిలించి మనం మంచితనం అన్నట్టే, వాళ్లు 'బతికి ఉన్న' అనే మాటకు చివర ఒక ముక్క తగిలించి దీన్ని చేసుకున్నారట. దేవుళ్లను ఆరోగ్యంతో పాటు దీన్నీ అడుక్కునేవారట.

"ముందుగాల బతికున్న మనిషి కనవడాలె. బతుకనే మాట ఆ తర్వాతనే పుట్టింది" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. తెల్లారితే బొగ్గు బాయి కూత వినే వాడికి ఈ సోదంతా ఎందుకు? ఆ మాట నన్ను ఇన్నేళ్లు పీడిస్తుందని తెలిస్తే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేవాణ్ని.

నేను బాయి మీద దీపాల గదిలో గుమాస్తాను. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు చెక్కిన ఇత్తడి బిల్ల నాకిచ్చి దీపం తీసుకుంటాడు. ఆ బిల్లను గోడకున్న పలక మీద అతని మేకుకు తగిలిస్తాను. పైకొచ్చి దీపం అప్పజెప్పాక బిల్ల పట్టుకొని ఇంటికి పోతాడు. మేకుకు బిల్ల ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. మేకు ఖాళీగా ఉంటే పైకొచ్చినట్టు. మా దగ్గర ఆడవాళ్లకు కూడా ఇది తెలుసు.

మరుసటి వానాకాలం మొదట్లో కప్పు కూలి ఒక మనిషి లోపలే ఉండిపోయాడు. శవం దొరకలేదు. ఆ దారికి గోడ కట్టి మూసేశారు. అతని తల్లి ఇచ్చోడ దగ్గరి పల్లె నుంచి కొడుకును నమ్ముకొని వచ్చిన మనిషి. దినాలు చెయ్యమని అందరూ చెప్పి చూశారు. బిల్ల ఇంకా మేకుకే ఉంది కదా, ఎట్లా చేస్తానని ఆమె ఎదురు తిరిగింది. రోజూ పొద్దున నా కిటికీ దగ్గరికి వచ్చి బిల్ల ఉందా అని అడిగేది. ఉందనేవాణ్ని. ఆ ఒక్క మాట మూట కట్టుకొని పోయేది.

రెండు నెలలకు ఆ నంబరు కొత్త మనిషికి ఇమ్మని పైనుంచి హుకుం వచ్చింది. ముందు ఆమెకు చెప్పాలి. నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిరికి వెధవను. ఒక రోజు పొద్దున్నే వాన దంచికొడుతుంటే, ఇవాళ ఈమె రాదులే అనుకొని బిల్ల తీసి, రెండో షిఫ్టుకు రావలసిన కొత్తవాడి చేతిలో పెట్టాను.

నెత్తిన గోనెసంచి కప్పుకొని ఆమె వానలోనే వచ్చింది. ఖాళీ మేకు చూసింది. రెండు నెలల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. నన్నేమీ అడగలేదు. గిర్రున తిరిగి ఇంటి దారి పట్టింది. నేను పిలవలేదు, తర్వాతి మనిషికి దీపం అందించాను.

మధ్యాహ్నం ఎలాగైనా చెప్పెయ్యాలని ఆమె ఇంటికి వెళ్లాను. స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. మంచం మీద ఉతికిన లుంగీ మడత పెట్టి ఉంది. దోస్తులతో ఎక్కడో ఆగినట్టున్నాడని, కూర్చోమని, నా చేతిలో వేడి జొన్నరొట్టె పెట్టింది. బావ చెప్పింది తప్పనిపించింది. మనిషి లేడు, కానీ అతని బతుకు ఆ ఇంట్లో పొయ్యి రాజేసుకొని కూర్చుంది. నాకు భయం వేసింది. రొట్టె తిని, చెప్పకుండానే లేచి వచ్చాను.

పొద్దుగూకే వేళకు కొడుకును వెతుక్కుంటూ ఆమె మళ్లీ వచ్చింది. అప్పటికి రెండో షిఫ్టు దిగింది. కొత్తవాడి బిల్ల అదే మేకుకు వేలాడుతోంది. ఆమె దాన్ని చూసింది. నేను తల దించుకున్నాను.

"నాకు కునుకు వడ్డప్పుడు వచ్చి, మళ్ల డ్యూటీకి పోయినట్టుండు" అంది. "గీసారి అవ్వకు మొకం సూపెట్టి పొమ్మని జర చెప్పు బిడ్డా."

చెప్తానన్నాను.