స్వీటు ట్రే మీద గడువు తేదీ

విడి స్వీట్ల ట్రేలకూ గడువు తేదీ రాయాలని నిబంధన వచ్చింది కదా. సూర్యాపేటలో మా వీధి షాపులో మాత్రం పెయింటుతో రాసిన పాత బోర్డే ఉంది: "ఈ రోజు చేసినవి". పోయిన నెల అక్కడి కోవా తిన్న రాత్రే మా అత్తమ్మ దవాఖానలో చేరింది. కోవా వల్లేనా అంటే ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అయినా ఈ సాయంత్రం షాపాయన్ని అడిగాను.

"అన్నా, తేదీలేవి?"

"బోర్డు సూడున్రి మేడం. ఊర్లె ఎవ్వలకు లేని పరేషాన్ మీకే!"

"రాసేదాకా ఈడనే ఉంట."

వెనకాల ఎవరో నవ్వారు. నేను కదల్లేదు. అతను విసుక్కుంటూ లడ్డూకు, మైసూర్‌పాక్‌కు తేదీలు వేశాడు. కోవా దగ్గర ఆగాడు. నా వైపు చూడకుండా ఆ ట్రే ఎత్తి లోపల పెట్టేశాడు.

రేపూ వెళ్తాను. మీ ఊరి షాపులో మీరూ అడగండి. ఏ ట్రే లోపలికి పోయిందో చెప్పండి.