చేపల ఐసు తాగిన తెల్లపూల మొక్క

ఎనభైల్లో మా బావమరిది మిలటరీలో చేసేవాడు. ఒక చలికాలం ఉత్తరాది కొండల నుంచి సెలవు మీద వస్తూ, తడిగుడ్డలో చుట్టిన మొక్కొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నిమ్మ, నారింజలకి చుట్టమేనట గానీ చెట్టయ్యే రకం కాదు. మోకాలెత్తు ఎదిగి, ఏటేటా మొదలు నుంచే మళ్లీ చిగురేస్తుందట. ఆకు నలిపితే, నారింజ తొక్కకి కోపం వచ్చినట్టు వాసన. కొండవాళ్లు దాన్ని పరుపు కింద పరుచుకుంటే నల్లి గిల్లి దగ్గరికి రాదట. చిన్న చిన్న తెల్లపూలు పూస్తుందట.

"మన యానాం ఎండకి బతకదేమో, బావా" అన్నాడు.

"నా చేతిలో చచ్చిన మొక్క లేదు" అన్నాను. అబద్ధం కాదు. అంతకుముందు నేను నాటిన మొక్కా లేదు.

శివరాత్రి దాకా మొక్క మర్యాదగానే ఉంది. పూసిందా అని అతను ఉత్తరం రాశాడు. జవాబు రాస్తుంటే ఇన్‌లాండు కవరులో కాస్త చోటు మిగిలింది. ఖాళీగా పంపడం ఎందుకని "రెండు మొగ్గలు వేసింది" అని రాసేశాను. మొగ్గలు నెలల తరబడి మొగ్గల్లాగే ఉండవు కదా, తరువాతి ఉత్తరంలో వాటిని పూయించక తప్పలేదు. ఉత్తరంలో పూలు పూయించడం తేలిక, నీళ్లు పొయ్యక్కర్లేదు. ఉగాది నాటికి నా అక్షరాల్లో మొక్క విరగబూసింది. కుండీలో మాత్రం ఏడు ఆకులు, అందులో రెండు అనుమానం.

అప్పుడొచ్చింది కబురు. వైశాఖంలో సెలవు మీద వస్తున్నాడట, పూలు చూడ్డానికి ప్రాణం లాగేస్తోందట.

ఇక నా తిప్పలు మొదలయ్యాయి. కుండీని వసారాలోకి మార్చాను. తడి గోనెసంచి చుట్టాను. ఇంట్లో ఉన్న ఒక్క టేబులు ఫ్యానూ దాని వైపు తిప్పాను.

"పిల్లలు చెమటలు కక్కుతుంటే మొక్కకి ఫ్యానా? రేపు దుప్పటి కూడా కప్పుతారా ఏంటి?" అంది మా ఆవిడ.

"చలిదేశపుది. దుప్పటి అలవాటే ఉంటుంది" అన్నాను. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యలేదు ఆవిడ.

ఆ ఉప్పు మొక్కకి పడింది. కొండల చలవ కొనుక్కొద్దామని చేపల రేవుకి వెళ్లి, చేపల బుట్టల్లో వాడేశాక పక్కన పోసిన చవక ఐసు ముక్కలు తెచ్చి కుండీ చుట్టూ పేర్చేవాణ్ణి. పది రోజులు పోయాక ఐసు అమ్మే ఆయన అడిగాడు.

"ఇంటికి చుట్టాలొచ్చేరాండీ? రోజూ అట్టుకెళ్తన్నారు."

"మొక్కకండీ."

"ఆయ్. ఇందులో ఉప్పు కలుపుతామండి మరి."

ఇంటికొచ్చేసరికి కుండీ చుట్టూ మూడు పిల్లులు, భజనకి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాయి. ఆకుల అంచులు మాడిపోయాయి. నా చెయ్యి చలవ అలాంటిది.

బావమరిది దిగే రోజు పొద్దున్నే మెట్టకూరు గట్టు మీద తెల్లటి తుమ్మి పూలు కోసుకొచ్చి, అన్నం మెతుకులతో మిగిలిన కొమ్మలకి అంటించాను. అతను సంచి కింద పెట్టకుండానే కుండీ ముందు కూర్చున్నాడు.

"బావా, అక్కడ చలికి చేతులు కొంకర్లు పోతుంటే మీ ఉత్తరాలు అందరికీ చదివి వినిపించేవాణ్ణి. గోదారి ఒడ్డున ఇది పూసిందంటే మా హవల్దారు నమ్మడే. రేపు స్టూడియోలో దీంతో ఫొటో తీయించుకుని అతని మొహాన పెడతాను" అన్నాడు.

అన్నాలు తిన్నాం. చెయ్యి కడుక్కుంటూ చెప్పేశాను. ఉత్తరాలు, ఐసు, మెతుకులు, అన్నీ.

అతను కుండీ దగ్గరికి వెళ్లి ఒక పువ్వు గిల్లి చూశాడు. వెనకాల మెతుకుని చీమలు మోసుకుపోతున్నాయి.

"అక్కకి తెలుసా?"

"మెతుకులు ఆవిడే ఇచ్చింది."

"అయితే రేపు ఇంకాస్త గట్టిగా అంటించండి. పరువు మీదొక్కరిదే కాదు ఇప్పుడు" అన్నాడు.

మర్నాడు స్టూడియోలో మా ఇద్దరి మధ్యా కుండీ పెట్టి, లైట్లు వేసి, ఫొటో తీసే ఆయన వంగి చూశాడు.

"తుమ్మి పూలు మోసుకొచ్చేరేంటండి ఇంత దూరం?"

"మీకు తెలుస్తాదండి. మా హవల్దారుకి తెలీదు. తియ్యండి" అన్నాడు బావమరిది.

ఆ ఫొటోలో అతను నవ్వుతున్నాడు. నేను మాత్రం జమీందారులా బిగుసుకుని ఉన్నాను. చూసినవాళ్లంతా అబ్బో, ఏం గాంభీర్యం అంటారు. చొక్కా చేతిలోంచి చీమ పైకి పాకుతోంది మరి.